మామగారి లారీకి ఆరు సిలిండర్లు

మొన్న కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళి వస్తుంటే మా ఆటో పటమట దగ్గర ఫ్లైఓవరు ఎక్కింది. ఎక్కుతున్నంతసేపూ నేను సీటు అంచుకి జరిగి, ముందున్న ఇనప కమ్మీ పట్టుకుని, నడుం వంచి కూర్చున్నానట. నాకు తెలియదు. ఆటో కుర్రాడు అద్దంలో చూసి, "ఏంటి బాబాయ్ గారూ, ఇక్కడే దిగిపోతారా?" అన్నాడు. పక్కనున్న మా ఆవిడ పకపకా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ, తనూ నాలాగే ముందుకి వంగి ఉన్నట్టు చూసుకుని, పమిట సర్దుకుని వెనక్కి జారగిలబడింది. ఎత్తు కనిపిస్తే చాలు, బండికి మన వంతు సాయం చెయ్యాలనే జబ్బు మా ఇద్దరికీ ఉంది. తనకది పుట్టింట్లో అంటుకుంది, నాకు అత్తవారింట్లో. నలభై అయిదేళ్ళు దాటినా వదల్లేదు. ఆ కుర్రాడికి ఇదంతా చెబుదామనుకున్నాను గానీ, ఆటో అప్పటికే అవతలికి దిగిపోయింది. ఈ కాలపు బండ్లు కథ చెప్పుకునేంత వ్యవధి ఇవ్వవు.

మా మామగారిది బంటుమిల్లికి దిగువన, ఉప్పుటేటి పక్కన ఒక ఊరు. చేపల వేట, చేపల వ్యాపారం తప్ప మూడో పని తెలియని ఊరు. నేను పుట్టింది కూడా అలాంటి కుటుంబంలోనే గానీ, మా నాన్న హయాంలోనే బెజవాడ చేరి, నాలుగక్షరం ముక్కలు నేర్చుకుని, రైల్వే పార్సిలు ఆఫీసులో గుమస్తానయ్యాను. మామగారికి ఒక లారీ ఉండేది. ఊరివాళ్ళు పట్టిన చేపల్ని వెదురు గంపల్లో ఐసు వేసి సర్ది, ఆ లారీలో గుడివాడ, కంకిపాడు మీదుగా తెచ్చి, మధ్యాహ్నం కలకత్తా వెళ్ళే రైలుకి ఎక్కించేవారు. కలకత్తా వాళ్ళకి పండుగప్ప అంటే ప్రాణం. ఓనరూ ఆయనే, డ్రైవరూ ఆయనే. రోజూ గంపలు తెచ్చి నా కిటికీ ముందు దించేవారు. చేపల వాసనకి ముక్కు మూసుకోని గుమస్తా ఆ ఆఫీసులో నేనొక్కణ్ణే అని గమనించి పిల్లనిచ్చారని నా అనుమానం. ఇంతకన్నా గొప్ప కారణం నాలో ఆయనకి ఏం కనిపించిందో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ లారీ యుద్ధకాలం నాటిది. మిలిటరీ వాళ్ళు వదిలించుకున్న బండి ఎన్ని చేతులు మారి ఆయన దగ్గరికి వచ్చిందో. నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజను. నా పెళ్ళి నాటికే అరిగిన సిలిండర్లకి రెండుసార్లు బోరు చేయించుకుని, మూడోసారికి అరగడానికి ఇంక ఒంట్లో ఇనుము లేక మూలుగుతూ ఉంది. పెట్రోలుతో పోటీపడి ఆయిలు తాగేది. వెనక వచ్చే బస్సు డ్రైవరుకి నీలం పొగ తప్ప రోడ్డు కనిపించేది కాదు. దారిలో రెండు మూడు చోట్ల ఆపి, కాలవలో బకెట్టు ముంచి రేడియేటరుకి నీళ్ళు పట్టించేవారు. మా ఆవిడ చిన్నప్పటినుంచీ ఆ చప్పుడు వింటూ పెరిగింది. బండి ఇంకా ఊరి మలుపులో ఉండగానే చెవి ఒగ్గి విని, "ఇవాళ ఒక ప్లగ్గు కొట్టట్లేదు, నాన్న చిరాగ్గా వస్తాడు" అని చెప్పి, చారు కాస్త పల్చగా పెట్టమనేదట. చిరాకులో ఉంటే ఆయనకి పల్చటి చారే సహించేది మరి.

డెల్టాలో కొండలుండవు. కాస్త ఎత్తు చూడాలన్నా కాలవ గట్టు ఎక్కాల్సిందే. అలాంటి చదును నేలమీద ఆ లారీకి ఎదురైన ఒకే ఒక్క కొండ, ఊరికి కోసెడు దూరంలో ఉన్న కాలవ వంతెన. తెల్లదొరల నాటి కమాను వంతెన. కింద నుంచి పడవలు పోవాలని నడుం బాగా ఎత్తి కట్టారు. లోడుతో దాన్ని ఎక్కడం ఒక పెద్ద తంతు. గుడివాడ బజారులో చిల్లర చేపలు అమ్ముకునే ఆడవాళ్ళు ఆరేడుగురు రోజూ గంపల మీద కూర్చుని వచ్చేవారు. వంతెనకి ఫర్లాంగు ముందు రైసు మిల్లు గోడ దగ్గర బండి ఆగేది. వాళ్ళు దిగి, నడిచి వెళ్ళి, వంతెన మొదట్లో చెరో పక్కా నిలబడేవారు. అప్పుడు మామగారు మిల్లు గోడ దగ్గర నుంచి ఊపు తీసుకుని, కాలు నేలకి అదిమి, ఉన్న సత్తువంతా కూడగట్టుకుని వచ్చేవారు. సగం ఎత్తుకి రాగానే ఇంజను ఆయాసపడేది. ఆడవాళ్ళు పరిగెత్తుకొచ్చి వెనక చెక్కకి భుజాలు ఆనించేవారు. మా అత్తగారు రెండు చేతులా పెద్ద చెక్క దిమ్మ పట్టుకుని వెనక చక్రం పక్కనే నడిచేవారు. "ఏమేవ్!" అని ఆయన కేక వేయగానే దిమ్మ చక్రం వెనక పడేది. బండి జారకుండా ఆగి, ఊపిరి పీల్చుకుని, ఇంకో బారెడు ఎక్కేది. మళ్ళీ "ఏమేవ్!" మళ్ళీ దిమ్మ. వంతెన దాటాక ఆవిడ దిమ్మ నెత్తిన పెట్టుకుని ఇంటికి నడిచి వెళ్ళిపోయేవారు. ఇరవయ్యేళ్ళుగా అదే వరస. ఆ ఒక్క కేకని ఆవిడ ఒక్కసారి కూడా ఆలస్యంగా వినలేదు.

ఈ తంతులో అందరికీ పని ఉండేది, నాకు తప్ప. పండగకో పబ్బానికో వెళ్ళి ఆ లారీలోనే తిరుగు ప్రయాణం కట్టేవాణ్ణి. వంతెన దగ్గర నేనూ దిగబోతే మామగారు ఒప్పుకునేవారు కాదు. "అల్లుడు గారి చేత బండి తోయించారంటే ఊళ్ళో తలెత్తుకోగలమాండీ? మీరు కూకోండి" అనేవారు. నేను కేబినులో పటం కట్టించిన దేవుడిలాగా కూర్చునేవాణ్ణి. అంటే చేపలతో పాటు నా బరువు కూడా ఆ ఆడవాళ్ళే తోసేవారన్నమాట. సిగ్గుతో ముందుకి వంగి, డ్యాష్‌బోర్డు మీద చేతులు పెట్టి లోపల్నుంచే తోసేవాణ్ణి. అలా తోస్తే బండికి ఒరిగేదేమీ లేదని తెలుసు. అయినా నడుం ఊరుకునేది కాదు.

అత్తగారు నాతో మాట్లాడేవారు కాదు. కోపం కాదు, పద్ధతి. చేపల బజారులో ఆవిడ గొంతు లేస్తే నాలుగు గంపల అవతలివాళ్ళు కూడా బేరం ఆపేసేవారు. అల్లుడి ముందు మాత్రం తలుపు చాటే. నేను ఎదురుగా పీట మీద ఉన్నా, "అల్లుడు గారికి ఇంకాస్త పులుసు కావాలేమో కనుక్కోవే" అని కూతురితో అనేవారు. నేను కూడా "చాలని చెప్పు" అని మా ఆవిడతో అనేవాణ్ణి. పెళ్ళయిన మూడేళ్ళకి కూడా మా ఇద్దరి మధ్యా సూటిగా ఒక్క మాట నడవలేదు.

పెట్రోలు ధర ఒక్కసారిగా మండిపోయిన ఆ రోజుల్లోనే లారీ రైలు తప్పించడం మొదలుపెట్టింది. మొదట నెలకొకసారి, తరవాత వారానికొకసారి. నేను కిటికీలోంచి చూస్తూనే ఉండేవాణ్ణి. కలకత్తా బండి కదిలి వెళ్ళిపోయాక, నీలం పొగలోంచి మామగారి లారీ దగ్గుకుంటూ వచ్చేది. కలకత్తా వెళ్ళాల్సిన పండుగప్పని బెజవాడ బజారులో అయినకాడికి తెగనమ్మాల్సి వచ్చేది. ఊళ్ళో గంపల పెత్తనమంతా ఒక పెద్దామెది. మామగారికి అక్క వరస. ఒకరోజు ఆవిడ ఇంటి అరుగు మీదకొచ్చి కూర్చుంది. ఆ సమయానికి నేనూ అక్కడే ఉన్నాను.

"తమ్ముడూ, నీమీద మాకు కోపం లేదు. మా పిల్లలకి కూడు పెట్టేది ఆ చేప. అది రైలెక్కాల. నీ బండి ఎక్కించలేకపోతే ఇంకో బండికెత్తుతాం" అంది.

ఇరవయ్యేళ్ళుగా ఆ ఊరి చేప మామగారి చేతి మీదుగానే కదిలింది. ఆ ఊళ్ళో ఆయన ఎవరంటే, లారీ ఆయన. అది పోతే ఆయనకి ఇంకో పేరు లేదు. నాకు ఆ మనిషిని చూస్తే గుండె తరుక్కుపోయింది. ఏదో ఒకటి అనాలని, "ఇంజను మార్చేద్దాం మావయ్య గారూ. మా పటమట పక్కనే ఆటోనగర్. పెద్ద డీజిలు ఇంజను వేయించేద్దాం" అనేశాను. ఇంజను ఎటువైపు ఉంటుందో తప్ప దాని గురించి నాకు తెలిసిందేమీ లేదు. పెద్దామె నా వైపు ఓసారి, ఆయన వైపు ఓసారి చూసింది. "సరే. పదిహేను రోజులు ఆ గుడివాడోళ్ళ బండికేసుకుంటాం. నువ్వు తిరిగొచ్చాక మొదటి లోడు రైలెక్కితే ఊరంతా నీ ఎనకాలే. ఎక్కకపోతే ఇంక అడగమాక" అని లేచి వెళ్ళిపోయింది.

ఆటోనగర్‌లో మేస్త్రి సన్నగా, వెదురు బద్దలా ఉండేవాడు. లారీ షెడ్డులోకి రాగానే ఒక పొడుగాటి కర్ర తీసుకుని, ఒక కొస ఇంజను మీద, ఇంకో కొస చెవి మీద పెట్టుకుని, కళ్ళు మూసుకుని చాలాసేపు విన్నాడు. తరవాత కర్ర పక్కన పెట్టి, "ఇందులో ఇంజనేం లేదండీ. అలవాటుకొద్దీ నడిచేస్తంది" అన్నాడు. మామగారికి ఆ మాట ఎంత నచ్చిందో, ఆ తరవాత బంధువుల్లో ముసలివాళ్ళ ఆరోగ్యం ఎవరడిగినా అదే చెప్పేవారు.

పని పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజులూ మామగారు మా ఇంటికి భోజనానికి రాలేదు. కూతురికి పిల్లో పిల్లాడో పుట్టేదాకా అల్లుడింట్లో చెయ్యి కడగకూడదని వాళ్ళ పట్టింపు. మా ఆవిడ ఏడుపు మొహం పెడితే, చివరికి ఆయనే ఒక దారి కనిపెట్టారు. రోజూ నేను క్యారియరు పట్టుకుని షెడ్డుకి వెళ్ళేవాణ్ణి. "ఇది షెడ్డు. ఇల్లు కాదుగా" అంటూ ఆయన పాత టైరు మీద కూర్చుని తినేవారు. అలా తినడం మొదలుపెట్టాక పులుసులో ఉప్పు తగ్గిందని కబురు పంపడానికి కూడా మొహమాటపడలేదు. కాగితాల్లో ఇంజను నంబరు మార్పించే పని, గుమస్తాని కాబట్టి, నా నెత్తిన పడింది. దానికోసం తిరిగిన తిరుగుళ్ళు వేరే కథ.

పాత ఇంజను పైకి తీసిన రోజు నాకు బాగా గుర్తు. మూడు దుంగలు నిలబెట్టి, పైన కప్పీ కట్టి, గొలుసు లాగుతుంటే, అది నల్లగా, జిడ్డుకారుతూ లేచింది. ఇన్నేళ్ళూ అంత లోడు లాగింది ఇంత చిన్నదా అనిపించింది నాకు. మామగారు దాని మీద చెయ్యి వేసి, తుండుతో ఒక పక్క జిడ్డు తుడిచారు. మేస్త్రి తొందరపెట్టలేదు. ఆ తరవాత కొత్త ఇంజను వచ్చింది. కొత్తదంటే మాకు కొత్తది. ఏదో పెద్ద బస్సులోంచి తీసి, విప్పి, మేస్త్రి మళ్ళీ మొదటినుంచీ కట్టింది. ఆరు సిలిండర్లు. గొలుసు మీద అది గాల్లోకి లేచి నెమ్మదిగా తిరుగుతుంటే, దాని నీడ షెడ్డు నేలమీద సగం దాకా పరుచుకుంది. పక్క షెడ్లలో పనివాళ్ళు కూడా సుత్తులు ఆపి చూశారు. పక్కకి చూద్దును కదా, మామగారు చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. ఎప్పుడు విడిచారో ఆయనకే తెలియదు. ఇనుమును చూసి భక్తి కలుగుతుందని అంతకు ముందు ఎవరైనా చెబితే నవ్వేవాణ్ణి.

అది పాతదానికన్నా జానెడు పొడుగు. దాంతో రేడియేటరు ముందుకి జరపాల్సి వచ్చింది, బానెట్టుకి రేకు అతకాల్సి వచ్చింది. అన్నీ అయ్యేసరికి లారీ అలిగి మూతి ముందుకి పెట్టినట్టు తయారైంది. మొదటిసారి స్టార్టు చేసినప్పుడు షెడ్డు రేకులన్నీ గలగలలాడాయి, బల్ల మీదున్న టీ గ్లాసులు వాటంతటవే అంచుదాకా నడిచాయి. పాత ఇంజను దగ్గుకీ దీని గర్జనకీ పోలికే లేదు. మామగారు ఆ చప్పుడులో గట్టిగా అరుస్తూ, "ఇంత బలం మనకెందుకు మేస్త్రీ?" అని అడిగారు. మేస్త్రి నవ్వి, "ఉండనివ్వండి, వద్దంటే వాడుకోమాకండి. కానీ బ్రేకులు పాతయ్యేనని మాత్రం మర్చిపోకండి. వచ్చే నెల తీసుకొస్తే అవీ మార్చేస్తా" అన్నాడు. మేమిద్దరం తల ఊపాం. ఆ గర్జనలో మాకు మొదటి ముక్కే వినపడింది.

ఆఫీసులో రెండు రోజులు సెలవు పెట్టి, నేనూ ఆయనతో ఊరికి వెళ్ళాను. ఖాళీ బండి ఎప్పుడూ ఆ వంతెనని మామూలుగానే దాటేది, ఆ సాయంత్రం కూడా మామూలుగానే దాటింది. మర్నాడు పొద్దున్నే గంపలు ఎత్తారు. పండుగప్పలు, మాగలు, రొయ్యలు, మీద ఐసు, ఐసు మీద ఊక. పెద్దామె స్వయంగా వచ్చి గంపల మీద కూర్చుంది. ఫలితం కళ్ళారా చూడాలని ఆవిడ పట్టుదల. మామగారు తెల్లచొక్కా వేసుకున్నారు. మా పెళ్ళిలో తప్ప ఆయన ఒంటి మీద ఇస్త్రీ చొక్కా నేను చూసి ఎరగను.

మిల్లు గోడ రాగానే బండి ఆగింది. ఆడవాళ్ళు దిగబోయారు.

"ఎవరూ దిగనక్కర్లేదు! ఇది పాతదనుకున్నారా?" అన్నారు మామగారు, కిటికీలోంచి తల బయటపెట్టి.

"మేం తొయ్యకుండా నీ బండి ఎప్పుడెక్కిందిరా?" అంది పెద్దామె. అని, అందర్నీ దింపి, ముందు తనే నడిచింది. మామగారి మొహం ఎర్రబడింది. అత్తగారు కూడా దిమ్మ పట్టుకుని దిగారు. ఆవిడని మాత్రం ఆయన ఆపలేదు. నేను యథాప్రకారం దేవుడి పటాన్ని.

అసలు తప్పు ఎక్కడ జరిగిందో తరవాత ఎన్నోసార్లు మాట్లాడుకున్నాం. ఆయన మనసుకి తెలుసు, కింద ఉన్నది ఆరు సిలిండర్లని. కాళ్ళకి తెలియదు. ఇరవయ్యేళ్ళుగా ఆ మిల్లు గోడ దగ్గర ఆ కాలు ఒకటే పని చేసింది, ఆ రోజూ అదే చేసింది. కాలు నేలకి అదిమారు. గోడ ఒక్కసారిగా వెనక్కి పోయింది. నేను ఎప్పటిలాగే ముందుకి వంగబోతే ఎవరో రొమ్ము మీద చెయ్యి పెట్టి సీటుకి నొక్కేసినట్టయింది. వంతెన మొదట్లో చెరో పక్కా నిలబడ్డ ఆడవాళ్ళ మొహాలు ఒక్క గీతలా వెళ్ళిపోయాయి. సగం ఎత్తుకి వచ్చాం. ఆయాసపడాల్సిన చోటు. మామగారి నోరు అలవాటుగా తెరుచుకుంది. "ఏమే" అన్నారు. "వ్" అనేలోపు మా ముందు రోడ్డు లేదు. ఆకాశం ఉంది.

ఎంతసేపో చెప్పలేను. రెప్పపాటే అయ్యుండాలి. ఇంజను ఒక్కటే గర్జిస్తోంది, కింద చక్రాల చప్పుడు ఆగిపోయింది. ఎడమ వైపు కిందెక్కడో కాలవ, కాలవకి ఇటూ అటూ కనుచూపు మేర పచ్చటి చేలు, దూరంగా ఉప్పుటేటి మెరుపు కూడా కనిపించాయి. ఇరవయ్యేళ్ళుగా ఆ వంతెన ఎక్కినవాళ్ళెవరూ తల ఎత్తి చూడలేదు, అందరి కళ్ళూ చక్రం మీదే కదా. భయం తరవాత వచ్చింది. ముందు వచ్చింది మాత్రం ఆశ్చర్యమే. మామగారు చిన్నపిల్లాడిలా "అబ్బ!" అనడం నాకు స్పష్టంగా వినిపించింది.

అంతలో దబ్బున నేలకి వచ్చాం. తాళ్ళు తెగి గంపలు దొర్లాయి. ఆయన కంగారులో బ్రేకు తొక్కారు, ఇంజను గుక్క పట్టి ఆగిపోయింది. ఇక ఆ నిశ్శబ్దంలో ఇంకో చిన్న చప్పుడు మొదలైంది. దిగుడులో చక్రాల కింద కంకర నలుగుతోంది. బ్రేకు మీద ఆయన రెండు కాళ్ళతో నిలబడ్డారు. పెడలు మెత్తగా కిందికి పోతోంది. బండి జానా జానా జారుతూ కాలవ గట్టు అంచు వైపు తిరుగుతోంది. హ్యాండు బ్రేకు పేరుకే ఉంది. ఇంజను ఆగిన కుదుపుకి జారిపోయిన గేరు మళ్ళీ వేస్తే ఆగుతుందని ఆయనకి తోచలేదు, నాకు తెలియదు. నా వైపు తలుపుకి గడియ ఊడిపోతే తాడుతో కట్టి ఉంచారు. ఆ ముడి విప్పడానికి నా చేతులు ఆడలేదు.

వంతెన మీద నుంచి ఎవరో పరిగెత్తుకొస్తున్న చప్పుడు. అత్తగారు. మేము కాలవలో పడిపోయామనుకుని, చేతిలో దిమ్మ ఉన్న సంగతి కూడా మరిచి, అలాగే పరిగెత్తుకొచ్చారు. బండి కదులుతూ ఉండటం చూశారు. కొప్పు ఊడిపోయి, పమిట ఎటో పోయి, నేరుగా ముందు చక్రం కిందకి దిమ్మ తోసి, దాని మీద పాదం పెట్టి తొక్కారు. బండి ఆగింది. గట్టు అంచు ఇంకో రెండు మూరల దూరం ఉందేమో. ఆవిడ తలెత్తి, నా కళ్ళలోకి చూసి, "బాబూ, దిగండి! తాడు తెంపుకుని దూకండి! కూకుంటారేంటింకా!" అని బజారు గొంతుతో అరిచారు. పెళ్ళయిన మూడేళ్ళకి నాతో ఆవిడ అన్న మొదటి మాట అది. నేను తాడు తెంపుకుని దూకాను.

వంతెన మీద నుంచి కింద దాకా చేపలే. ఐసు ముక్కల మధ్య పండుగప్పలు ఎండకి తళతళమంటున్నాయి. ఒకవేళ ఆడవాళ్ళు దిగకుండా గంపల మీదే ఉంటే ఏమయ్యేదో మేమెవరం పైకి అనుకోలేదు. మామగారు రోడ్డు మీద చతికిలపడి, "అయిపోయింది అక్కా. ఇంకో బండికెత్తుకోండి" అన్నారు. తెల్లచొక్కా చెమటకి తడిసిపోయింది. పెద్దామె ఆయన వైపు చూడలేదు. లారీ దగ్గరికి వెళ్ళి, వేడిగా ఉన్న ఆ అతుకుల బానెట్టు మీద అరచెయ్యి ఆనించి, వెనక్కి తిరిగి వంతెన నడుం వైపు చూసింది. "ఇది ఎక్కలేదురా, ఎగిరింది" అంది నెమ్మదిగా. ఆ గొంతులో కోపం ఇసుమంతైనా లేదు. ఆవిడ నోరు తెరుచుకుని ఉండటం అదే మొదటిసారి చూశానని మా అత్తగారు తరవాత చెప్పారు. తరవాత ఆవిడే తేరుకుని, "లేవరా. చేప చల్లగానే ఉంది. ఎత్తండే!" అని కేక వేసింది. ఆడవాళ్ళు వరసగా నిలబడి చేతులు మార్చుకుంటూ గంపలు నింపారు. నేనూ వరసలో నిలబడ్డాను. ఈసారి అల్లుడి మర్యాద ఎవరికీ గుర్తు రాలేదు, ఆ సంతోషం నాకు ఇప్పటికీ ఉంది.

మళ్ళీ బయల్దేరేటప్పుడు అత్తగారు ఇంటికి వెళ్ళలేదు. దిమ్మ ఒళ్ళో పెట్టుకుని కేబినులో మా ఇద్దరి మధ్యా ఎక్కి కూర్చున్నారు. "ఇంక నిన్ను ఒక్కణ్ణీ ఒదల్ను" అన్నారు ఆయనతో. గుడివాడ దాటి ఆవిడ ప్రయాణం చెయ్యడం అదే మొదలు. గుడివాడలో ఆడవాళ్ళు దిగిపోయారు, పెద్దామె మాత్రం "సాయంత్రం ఇక్కడే ఉంటా, రైలెక్కిందో లేదో నోటితో చెప్పి పో" అంది. మామగారు ఒళ్ళు దగ్గర పెట్టుకుని, ఇక బ్రేకుని నమ్ముకోకుండా గేర్లతోనే ఆపుకుంటూ, పాదం కొసతో తోలారు. అయినా చెట్లు పరిగెత్తాయి. పాత బండి నీళ్ళకోసం ఆగే చోట్లు వరసగా వచ్చి పోయాయి. ఆయన ప్రతి చోటా అలవాటుగా వేగం తగ్గించి, ఇంజను చప్పుడు విని, నమ్మలేనట్టు మళ్ళీ పోనిచ్చేవారు. ముగ్గురం గుడిలో ఉన్నట్టే ఉన్నాం.

పార్సిలు ఆఫీసు దగ్గర గంపలు దించుతుంటే నా పక్క కిటికీ గుమస్తా బయటికి వచ్చి, "ఏం గురూ, నిన్నటి సరుకా?" అన్నాడు. ఆ వేళకి మామగారి లారీ వస్తే నిన్నటిదే అయ్యుండాలని అతని లెక్క. ఇవాళ్టిదేనంటే గడియారం చూసుకున్నాడు. గంపలు నిమిషాల్లో బుక్కయి ప్లాట్‌ఫారం మీదకి చేరాయి. రైలుకి ఇంకా గంటన్నర ఉంది. మామగారికి ఏం చెయ్యాలో పాలుపోలేదు. ఆ స్టేషన్లో ఆయన ఎప్పుడూ పరిగెత్తడమే గానీ నిలబడి ఎరగరు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కాసేపు అటూ ఇటూ తిరిగి, నా దగ్గరికి వచ్చి, చాలా మొహమాటంగా, "అల్లుడు గారూ, కృష్ణ ఎటేపండీ?" అని అడిగారు.

నాకు మొదట అర్థం కాలేదు. ఇరవయ్యేళ్ళు రోజూ బెజవాడ వచ్చిన మనిషి కృష్ణని చూడలేదు. దించడం, తిరగడం, చీకటి పడేలోపు ఇల్లు చేరడం. అంతే ఆయనకి తెలిసిన బెజవాడ. లారీలోనే వాళ్ళిద్దర్నీ బ్యారేజీ మీదకి తీసుకువెళ్ళాను. అటుపక్కకి దిగితే మంగళగిరి దారి. మధ్యలో ఒక వార ఆపి దిగాం. నిండు నది. ఒక పక్క నీళ్ళు నిలబడి ఉన్నాయి, ఇంకో పక్క తలుపుల కింద నుంచి నురగలు కక్కుతూ దూకుతున్నాయి. అత్తగారు నోటికి పమిట అడ్డం పెట్టుకున్నారు. సముద్రం పక్కనే పుట్టి పెరిగిన మనిషి ఆవిడ. అయినా, "ఇంత నీళ్ళా బాబూ!" అన్నారు. నాతోనే, సూటిగా. "ఇరవయ్యేళ్ళూ ఇంత దగ్గరికొచ్చి ఇది చూడలేదంటే..." అని ఆయన వైపు తిరిగారు. ఆయన "టైమేదే?" అన్నారంతే.

సరిగ్గా అప్పుడే దిగువనున్న రైలు వంతెన మీద మద్రాసు వైపు నుంచి రైలు కనిపించింది. చిన్నగా మొదలై, ఒక్కొక్క పెట్టే నది మీదకి వస్తూ, వంతెన పొడుగునా పరుచుకుంది. "అదే మావయ్య గారూ, మన కలకత్తా బండి" అన్నాను. ఆయన కమ్మీ పట్టుకుని చూశారు. గార్డు పెట్టె నది దాటి కనుమరుగయ్యేదాకా రెప్ప వెయ్యలేదు. ఆ మొహంలో ఉన్న ఆశ్చర్యం నేను మళ్ళీ ఏ మనిషి మొహంలోనూ చూడలేదు.

"ఇన్నేళ్ళూ దీని ఎనకాల పడి పరిగెత్తానండీ" అన్నారు. "ఎటునుంచి వస్తదో ఇవాళే చూశా."

గంపలు ఆ రోజు రైలెక్కాయి, గుడివాడలో ఎదురుచూస్తున్న పెద్దామెకి ఆ మాట అత్తగారే చెప్పారు. ఊరి చేప ఇంకో పదేళ్ళకి పైగా ఆ లారీలోనే కదిలింది. కాలం మనల్ని దాటి వెళ్ళిపోతుందనే అందరం అంటాం, నేనూ అంటాను. కానీ ఒక్క పూట, గంటన్నర ముందుగా చేరి, అది నది మీదుగా మన వైపుకే వస్తుండగా నిలబడి చూసిన మనిషి పక్కన నేను నిలబడి ఉన్నాను.